ఫోను అప్‌డేట్: ఉస్మాన్‌గంజ్ బజారులో విన్న మాటలు

2025 ఆగస్టు నెల ద్వితీయార్ధములో మన దేశమున అనేకులు తమ చేతిలోని ఫోనును చూచి, ఇది తమ ఫోనేనా అని సందేహపడిరి. నిన్నటివరకు ఉన్న డయలు తెర నేడు లేదు. ఇష్టమైనవారి పేర్లును, ఇటీవల వచ్చిన కాల్‌ల పట్టికయు ఒకే పుటలోనికి చేరినవి. పరిచితుల పేర్ల జాబితా కానరాలేదు. అన్నిటికంటె చిక్కు తెచ్చినది వేరొకటి. వచ్చిన కాల్‌ను ఎత్తుటకు వ్రేలితో పైకి తోయు అలవాటు అందరికిని ఉండగా, ఇప్పుడు ప్రక్కకు జరుపుమని ఫోను కోరుచున్నది. ఎవరును ఏ బటనును నొక్కలేదు. ఎవరి అనుమతియు ఎవరును అడుగలేదు.

ఆ దినములలో మేము వేరొక పనిమీద హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్‌కు వెళ్ళితిమి. నాంపల్లి రైలు స్టేషనుకును, మొజంజాహీ మార్కెటుకును ఎంతో దూరములేని ఈ గంజు పేరు జిల్లాలలోని కిరాణా దుకాణదారులకు క్రొత్తది కాదు. ఇరుకు వీధులు, వీపున గోతాములతో పరుగువంటి నడక నడచు హమాలీలు, దారికి అడ్డముగా నిలిచిన ట్రాలీ ఆటోలు, మిరప ఘాటుకు తుమ్మువారు, ఇవన్నియు పూర్వమువలెనే ఉన్నవి. మారినది బేరము నడచు తీరు. ఒకప్పుడు చిట్టా పుస్తకము మీదను, తపాలా కార్డు మీదను నడచిన వ్యాపారము నేడు ఫోను మీద నడచుచున్నది. ధర అడుగుట, సరకు ఫోటో పంపుట, లారీ ఎక్కడికి వచ్చినదో కనుగొనుట, పైకము చెల్లించుట, చెల్లినట్లు చూపుట, ఇన్నియు అందులోనే.

ఒక చింతపండు టోకు దుకాణములో ముప్పది ఏండ్లుగా పనిచేయుచున్న గుమాస్తా తన ఫోనును గల్లాపెట్టె మీద బోర్లించి, దానిని తాకుటకే జంకుచు కూర్చుండెను. “నా ఫోను నాకే పరాయిదైంది సారూ” అనెను. మొదట దుకాణపు కుర్రవాడు ఏదో కెలికెనని వానిని మందలించినాడట. ఎదుటి దుకాణమువారి ఫోనులో ఏ మార్పును లేకుండుట చూచి, తన ఫోనులో దొంగ ఎవడో చొరబడెనని నిశ్చయించుకొని, సిమ్మును ఊడదీసి పాత మీటల ఫోనులో వేసికొనినాడు. ఆ ఉదయము చెల్లింపులన్నియు యజమాని ఫోనుకు మళ్ళించవలసివచ్చెను. ప్రక్క దుకాణపు యువకుడు వచ్చి, “అది దొంగ పని కాదు కాకా, అప్‌డేట్” అని చెప్పగా, “మరి అప్‌డేట్ ఎవరు చేసిండ్రు? నేనైతే చెయ్యలే” అని ఆయన ఎదురు ప్రశ్న వేసెను. ఆ యువకుడు జవాబు చెప్పలేకపోయెను. మావంటి వారు కూడ అప్పటికప్పుడు చెప్పగల జవాబు కాదది. గ్రామ పంచాయతీ సభ్యులకు ఇట్టి ప్రశ్న తమ ఊరిలో ఎదురుకాక మానదు కనుక, తెలిసికొని ఇచట వ్రాయుచున్నాము.

ఎవరు మార్చిరి?

చేతి ఫోనులో రెండు తరగతుల సాఫ్ట్‌వేర్ ఉండును. ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్ అని పిలువబడు మూల వ్యవస్థ. గూగుల్ సంస్థవారి ఆండ్రాయిడ్, ఆపిల్ సంస్థవారి ఐఓఎస్ అనునవి అట్టివి. ఊరికి పంచాయతీ కార్యాలయము ఎట్టిదో ఫోనుకు మూల వ్యవస్థ అట్టిది. నీరు, దీపము, దారి, రికార్డు అన్నియు దాని చేతిలో ఉండును. రెండవది ఆ వ్యవస్థను ఆశ్రయించి పనిచేయు యాప్‌లు. వాట్సాప్, చెల్లింపుల యాప్‌లు, కాల్‌లు చేయుటకు వాడు డయలర్, ఇవన్నియు ఆ ఊరిలోని దుకాణములవంటివి. దుకాణము పెట్టువాడు పంచాయతీ దారినే నడువవలెను గదా.

గూగుల్‌వారు 2025 మే నెలలో ఆండ్రాయిడ్‌కు మెటీరియల్ త్రీ ఎక్స్‌ప్రెసివ్ అను క్రొత్త రూపురేఖలను ప్రకటించిరి. జూన్ నెలలో ఆండ్రాయిడ్ 16 విడుదలయ్యెను. ఆ క్రొత్త రూపురేఖలనే తమ యాప్‌లకు ఒకదాని వెంట ఒకటిగా తొడుగుచు, ఆగస్టులో ఫోన్ అను పేరుగల తమ డయలర్ యాప్‌కు కూడ తొడిగిరి. మన దేశములో అమ్ముడగు పెక్కు కంపెనీల ఫోనులలో కాల్‌లకు ఉండునది ఆ యాప్‌యే. కనుక మార్పు ఏకకాలమున అనేక కంపెనీల ఫోనులలో కనబడెను. శాంసంగ్‌వంటి కంపెనీ తన సొంత డయలర్‌ను వాడుటచే ఆ ఫోనులలో మార్పు కనబడలేదు. గుమాస్తాగారికి దొంగ భయము కలిగించినది ఈ భేదమే. “వాళ్ళది మారలేదు, నాది ఎందుకు మారింది” అనుట సహజమే గదా.

యజమాని నొక్కకుండనే మార్పు ఎట్లు జరిగినది? ఫోనును మొదట తెరచి సిద్ధము చేసికొనునాడు, పుటలు పుటలుగా వచ్చు నిబంధనలకు మనము సమ్మతి తెలుపుదుము. చదివి తెలుపువారు అరుదు. ఆనాటి సమ్మతితోడను, ఫోనులో ముందే పెట్టియుంచిన ఏర్పాటువలనను యాప్‌లు తమంతట తామే అప్‌డేట్ అగుచుండును. సమ్మతి ఉన్నదనుట న్యాయశాస్త్రము మాట. ఎరుక లేదనుట బజారు మాట. రెండును నిజమే.

మార్పునకు కారణము లేకపోలేదు. జేబులోనుండి ఫోనును తీయునపుడు వ్రేలు తగిలి కాల్ తనంతట ఎత్తబడుటయో తెగుటయో జరుగుచున్నదనియు, దానిని తప్పించుటకే ప్రక్కకు జరుపు పద్ధతిని పెట్టితిమనియు ఆ సంస్థ తెలిపినది. ప్రక్కకు జరుపుట నచ్చనివారు ఒక్క తాకుడుతో కాల్ ఎత్తు పద్ధతిని ఎన్నుకొనుటకును వీలు కల్పించినది. డయలర్‌లోని సెట్టింగులకు పోయి, ఇన్‌కమింగ్ కాల్ జెస్చర్ అను చోట దీనిని మార్చుకొనవచ్చును. ఇంత మంచి వసతి ఉన్నదని ఉస్మాన్‌గంజ్‌లో మేము పలుకరించిన వారిలో ఒక్కరికిని తెలియదు.

బజారులో అందరును కోపించినవారే అనుకొనరాదు. ఒక హమాలీ తన ఫోనును మాకు చూపి, అంకెలు పెద్దవై అద్దాలు లేకుండనే కనబడుచున్నవని సంతోషించెను. పడుచువారికి రంగులు నచ్చినవి. వెల్లుల్లి గంపతో కూర్చున్న ఒక వృద్ధురాలు మాత్రము, “ఎత్తబోతే కట్టయితున్నది బిడ్డా, ఊర్లె మనుమడు నేను కోపంగున్న అనుకుంటున్నడు” అని చెప్పెను. ఆమెకు రూపురేఖలతో పని లేదు. మనుమని గొంతు వినబడవలెను. మార్పులు రచించువారు లెక్కలలో చూడజాలనిది ఇదియే అని మాకు తోచినది. చదువురానివారు తెరను చదువరు. చోటును గుర్తుంచుకొందురు. పచ్చని గుండ్రము ఎచట ఉండునో వ్రేలికి తెలియును. ఆ చోటు మారినచో, చదువుకొనినవారికి అక్షరములన్నియు తారుమారైనట్లే.

ఇది ఒక్క మన దేశపు కథ కాదు

మైక్రోసాఫ్ట్ సంస్థ 2012 అక్టోబరులో విండోస్ 8ను విడుదలచేసి, ఏండ్ల తరబడి తెర మూలనున్న స్టార్ట్ బటనును తీసివేసినది. వాడుకదారులు గగ్గోలు పెట్టగా, మరుసటి ఏడు అక్టోబరులో ఆ బటనును తిరిగి ఉంచినది. ఆపిల్ సంస్థ 2025 సెప్టెంబరులో ఐఓఎస్ 26ను విడుదలచేసి, తెరలోని అంశములన్నిటికిని గాజువంటి పారదర్శక రూపము నిచ్చినది. అందము బాగున్నది గాని అక్షరము కనబడుట లేదని చాలమంది ఫిర్యాదు చేసిరి. నవంబరులో వచ్చిన 26.1 అప్‌డేట్‌లో ఆ గాజును మసకచేసికొను వీలు కల్పింపబడినది.

అప్‌డేట్ అనగానే అనుమానించుటకు మరింత బలమైన కారణము కూడ కలదు. క్రొత్త అప్‌డేట్ వచ్చినపుడెల్ల పాత ఫోను నెమ్మదించుచున్నదని లోకమంతట జనులు అనుకొనుచుండిరి. అది భ్రమ అని పెద్దలు కొట్టివేయుచుండిరి. 2017 డిసెంబరులో, బ్యాటరీ పాతబడిన కొన్ని ఐఫోనుల వేగమును తమ అప్‌డేట్ తగ్గించుచున్నదని ఆపిల్ సంస్థయే ఒప్పుకొనవలసివచ్చెను. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండుటకే అట్లు చేసితిమని వారి వాదన. అయినను ముందుగా వాడుకదారులకు తెలుపనందుకు ఫ్రాన్సు దేశము 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించెను. అంతకుముందే, 2018లో, ఇటలీ దేశపు అధికారులు అప్‌డేట్‌ల విషయముననే ఆపిల్, శాంసంగ్ సంస్థలు రెండింటికిని జరిమానాలు విధించియుండిరి. కనుక అప్‌డేట్‌ను గూర్చి ఎవరైన గొణిగినచో, వారిని అమాయకులని నవ్వుట తగదు.

ఇచట మాకు ఉస్మాన్‌గంజ్‌వంటి బజారులు చూచిన వేరొక మార్పు జ్ఞప్తికి వచ్చుచున్నది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదునారు అణాలు పోయి నూరు నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరు నుండి సేర్లు, మణుగుల స్థానములో కిలోగ్రాములు ప్రవేశించుట మొదలై, 1962 నాటికి దేశమంతట తప్పనిసరియైనవి. అది ఫోను తెరకంటె ఎంత పెద్ద మార్పో చెప్పనక్కరలేదు. సేరుతో కొలిచి పెరిగిన చేతులు కిలోరాయిని పట్టవలసివచ్చెను. అప్పుడును జనులు తికమకపడిరి. మోసపోదుమని భయపడిరి. కాని ఆ మార్పు రాత్రికి రాత్రి రాలేదు. పాత నాణెములును క్రొత్త నాణెములును కొన్ని ఏండ్లు కలిసి చెల్లినవి. అణాలకు ఎన్ని పైసలో, సేరుకు ఎన్ని గ్రాములో తెలుపు పట్టికలు అచ్చు వేయబడినవి. మావంటి శాఖలవారు ఊరూర తిరిగి చెప్పిరి. ఉస్మాన్‌గంజ్ గుమాస్తా కోపమునకు మూలము ఇచటనే ఉన్నదని మా అభిప్రాయము. ఆయన క్రొత్తను ద్వేషించువాడు కాడు. చిట్టా విడిచి ఫోనును పట్టినవాడే గదా. ఆయన అడిగినది ముందుగా ఒక మాట చెప్పుమని మాత్రమే.

కోపము తెచ్చిన అపాయము

అయితే ఆ కోపములో ఆయన చేసిన పని ఒకటి మమ్ము కలవరపెట్టినది. ఎవరో చెప్పగా, తన ఫోనులో అప్‌డేట్‌లన్నిటిని శాశ్వతముగా ఆపించివేసెను. ఆ వీధిలో మరి కొందరును అట్లే చేసితిమని గొప్పగా చెప్పిరి. పాత తెర కావలెననినచో డయలర్ యాప్ అప్‌డేట్‌ను మాత్రము తొలగించుకొను మార్గము ఉన్నది. కొన్ని ఫోనులలో అది తాత్కాలికముగా పనిచేసినది కూడ. కాని అన్నిటిని ఆపుట వేరు.

ఏలయన, అప్‌డేట్ అను ఒక్క పేరుతో రెండు వేరు వేరు పనులు జరుగుచున్నవి. ఒకటి ముఖము మార్చుట. రంగు, ఆకారము, బటను చోటు అందులోనివి. ఇది లేకున్నను ఎవరికిని నష్టము లేదు. రెండవది కన్నము పూడ్చుట. మూల వ్యవస్థలో దొంగలు చొరబడుటకు వీలగు లోపములు ఎప్పటికప్పుడు బయటపడుచుండును. గూగుల్‌వారు ఆండ్రాయిడ్‌లోని లోపములను గూర్చి నెలనెల ప్రకటన చేసి, వానికి మరమ్మతులు పంపుదురు. ఫోను కంపెనీలు వానిని తమ ఫోనులకు అందింపవలెను. గోడకు క్రొత్త సున్నము వేయుట నచ్చలేదని, అదే మేస్త్రీ పూడ్చవలసిన కన్నమును గూడ వదలివేయుట ఎట్టిదో, అప్‌డేట్‌లన్నిటిని ఆపుట అట్టిది. ఈ రెండింటిని విడదీసి ఇచ్చియుండినచో జనులకు ఎంతో మేలు జరిగెడిది. ఆ లోపము సంస్థలదే. నష్టము మాత్రము మనది.

మరమ్మతును వేసికొననిచో ఏమగునో మన రాష్ట్రములకు అనుభవమే. 2017 మే 12న వానాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతట కంప్యూటర్లను పట్టుకొని, అందలి కాగితములను తాళమువేసి, విడిపించుటకు పైకము కోరినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పనులు స్తంభించినవి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ దాని వాత పడినవి. అది ప్రవేశించిన కన్నమును పూడ్చు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్‌వారు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదలచేసియుండిరి. వేసికొనినవారు తప్పించుకొనిరి.

అది కంప్యూటర్ల కాలపు మాట. నేడు గ్రామమున ఆ బరువు ఫోను మీద పడినది. 2016లో మొదలైన యూపీఐ ద్వారా పాలకేంద్రపు డబ్బు, విత్తనముల డబ్బు ఫోనులోనే చేతులు మారుచున్నవి. 2020 ఏప్రిల్ నుండి పంచాయతీల లెక్కలకు ఈ-గ్రామ్‌స్వరాజ్ వచ్చినది. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనుల హాజరును పనిచోట ఫోటోలతో ఫోనులోనే నమోదుచేయవలెనను నిబంధన వచ్చెను. మేటుగా ఉన్న ఒక స్త్రీ చేతిలోని ఫోను చెడినచో, యాప్ తెరచుకొననిచో, ఆనాటి కూలి ప్రశ్నార్థకమగును. కనుక ఫోను సంగతి పట్నవాసుల వినోదమని పంచాయతీ సభ్యులు త్రోసివేయజాలరు.

ఇందులో బీదవారి చిక్కు ఇంకొకటి. ఫోనుకు అప్‌డేట్‌లు ఎల్లకాలము రావు. ఖరీదైన కొన్ని ఫోనులకు ఏడేండ్ల వరకు ఇత్తుమని 2023 నుండి కంపెనీలు ప్రకటించుచున్నవి. చవుక ఫోనులకు ఆ గడువు అంతకంటె చాల తక్కువ. గడువు తీరిన తరువాత కన్నము పూడ్చువారు ఉండరు. కొంతకాలమునకు యాప్‌లు కూడ పాత వ్యవస్థను విడుచును. 2025 జనవరి నుండి ఆండ్రాయిడ్ 4.4 గల పాత ఫోనులలో వాట్సాప్ నిలిచిపోయినది. ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెటువంటి చోట్ల పాత ఫోనులు చవుకగా దొరకును. వానిని కొని ఊరికి తెచ్చుకొనువారు ధరతోబాటు, అందలి ఆండ్రాయిడ్ ఎన్నవదో, చివరి భద్రతా అప్‌డేట్ ఏ నెలదో అడిగి చూడవలెను. సెట్టింగులలో ఫోనును గూర్చి తెలుపు పుటలో ఆ రెండును వ్రాసియుండును.

ఇక దొంగల సంగతి. ఉస్మాన్‌గంజ్‌లో మార్పును చూచి దొంగతనమనుకొనిరి. గ్రామములలో దీనికి విపర్యయముగా, దొంగతనమును చూచి అప్‌డేట్ అనుకొనుచున్నారు. బ్యాంకు యాప్ అప్‌డేట్ అనియు, రైతు సాయపు యాప్ అనియు, వాహన జరిమానా అనియు పేరుపెట్టి, వాట్సాప్‌లో ఏపీకే అను తోకగల ఫైలును మోసగాండ్రు పంపుదురు. దానిని తాకి అనుమతులన్నిటికిని సరేయనినచో, ఫోనుకు వచ్చు ఓటీపీలు వారి చేతికి పోవును. నిజమైన అప్‌డేట్ వాట్సాప్ సందేశముగా రాదు. ఫోనులోని ప్లే స్టోరునుండియో, సెట్టింగులలోని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అను చోటునుండియో మాత్రమే వచ్చును. ఎవరును ఫోనుచేసి అప్‌డేట్ చేసికొనుమని అడుగరు. పైకము పోయినట్లు తెలిసిన క్షణముననే 1930 అను నంబరుకు ఫిర్యాదు చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, పైకము చేతులు మారకముందే ఆపుటకు అంత అవకాశముండును.

పంచాయతీవారు చేయగల పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఫోనులో కలవరపెట్టు మార్పు వచ్చినపుడు, అది అందరికిని వచ్చినదా, ఒక్కరికే వచ్చినదా అని విచారించి, కార్యాలయపు నోటీసు బోర్డుమీద రెండు వాక్యములు వ్రాయించినను చాలును. ఊరిలో చదువుకొను పిల్లలలో ఫోను తెలిసినవారిని గ్రామసభనాడు ఒక గంట కూర్చుండబెట్టి, పెద్దలకు కాల్ ఎత్తు పద్ధతిని, అక్షరములు పెద్దవి చేసికొను పద్ధతిని చూపింపవచ్చును. మరియొకటి. నచ్చని మార్పును గూర్చి ఊరకే తిట్టుటకంటె, ఏ బటను వలన ఏ పని చెడినదో వ్రాసి పంపుట మేలు. ప్లే స్టోరులో ప్రతి యాప్ క్రిందను అభిప్రాయము వ్రాయుటకు చోటు కలదు. తెలుగులో వ్రాయవచ్చును. స్టార్ట్ బటను తిరిగి వచ్చినది, గాజు మసకబారినది అట్టి వ్రాతలవలననే. ప్రభుత్వ శాఖల యాప్‌లు ఇందుకు మినహాయింపని మేము చెప్పము. అవియు ముందుమాట లేకుండ మారుచున్నవి. వానిని గూర్చి మండల కార్యాలయమునకు వ్రాయుటకు సభ్యులు సంకోచింపరాదు.

కొన్నాళ్ళకు మేము మరల ఉస్మాన్‌గంజ్‌కు పోయినపుడు గుమాస్తాగారి ఫోను గల్లాపెట్టె మీద తిన్నగానే ఉండెను. ఒక్క తాకుడుతో కాల్ ఎత్తు పద్ధతిని కుర్రవాడు పెట్టి యిచ్చెనట. భద్రతా అప్‌డేట్‌ను గూర్చి మేము చెప్పినది విని, నిలిపివేసిన అప్‌డేట్‌లను తిరిగి తెరిపించుకొనెను. పాత మీటల ఫోను మాత్రము ఎడమ జేబులోనే ఉన్నది. అందులో ఇంకొక సిమ్ము వేసినాడు.